బంధువుల మధ్యనే ఉన్నదనుకున్నాము

ధ్యాన భాగము: లూకా సువార్త 2వ అధ్యాయము, 41 నుండి 52 వచనములు



ఈ నెల ధ్యానము ఒక పుట్టినరోజును గూర్చినది. పుట్టినరోజు కూడ ప్రసంగాంశమా అని కొందరు పెద్దలు నవ్వవచ్చును. నేనును అట్లే అనుకొని వెళ్ళాను. ప్రార్థన చేసి, భోజనము చేసి, బస్సెక్కి తిరిగి రావచ్చుననుకున్నాను. అయితే ఆ వారము నాకు పాఠము చెప్పినది పన్నెండేండ్ల పాప.

మా చిన్నతనములో ఒంగోలు ప్రాంతపు పల్లె సంఘములలో పుట్టినరోజు అంటే ఆదివారము ఆరాధనలో ముందుకు వచ్చి, ఎన్నియేండ్లు నిండితే అన్ని నాణెములు కానుక పెట్టెలో వేయుట, పాదిరిగారు తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయుట, ఇంటికి వెళ్ళి సేమ్యా పాయసము త్రాగుట. అంతే. ఇప్పుడది వారము రోజుల పని అయినది. దీనిని నేను నేరమని చెప్పను. వలస వచ్చిన ఊరిలో మనవారు నలుగురు కూడుకొనుటకు ఏదో ఒక నెపము కావలెను గదా. క్రిస్మసుకు సెలవు దొరకని వారికి పాప పుట్టినరోజే పండుగ.

నేను వెళ్ళినది పావగడ తాలూకాకు. అది ఎక్కడున్నదో మన చదువరులలో చాలామందికి తెలిసియుండదు. కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందినదే గాని, మూడు ప్రక్కల ఆంధ్ర నేలయే. మడకశిర, హిందూపురము, పెనుకొండ, కళ్యాణదుర్గము చుట్టుప్రక్కల ఊళ్ళు. బెంగళూరు నుండి మధుగిరి మీదుగా సుమారు 160 కిలోమీటర్లు. ఆఫీసు కాగితము కన్నడము, సంతలో బేరము తెలుగు. పిల్లలు బడిలో కన్నడములో పాఠము అప్పజెప్పి, గేటు దాటగానే తెలుగులో పోట్లాడుకొందురు. వర్షము తక్కువ. మనము వేరుశనగ అనునది అక్కడ శనిక్కాయలు. అదే వారి పంట. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు, పెద్దవారికి బిగిసిపోయిన కీళ్ళు చూచితే చాలు, ఆ నీళ్ళ సంగతి ఎవరును చెప్పనక్కరలేదు.

ఈ తాలూకాలో తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వళ్ళూరు, రాయచెర్లు అను అయిదు గ్రామముల నేలమీద, సుమారు 13,000 ఎకరములలో, ఎండతో కరెంటు తీయు సోలార్ పార్కు వెలసినది. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరినది. రైతుల భూమిని కొనలేదు. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసికొన్నారు. భూమి ఉన్నవానికి కౌలు సొమ్ము వచ్చుచున్నది. భూమి లేక, ఆ చేలలో కలుపు తీసి, కాయలు ఒలిచి బ్రతికినవానికి ఏ కౌలును లేదు. అటువంటివారిలో కొందరు బెంగళూరు దారి పట్టారు. మనమును ఒకప్పుడు అట్లు దారి పట్టినవారమే గనుక ఈ మాట ఇక్కడ వ్రాయుచున్నాను.

పాప తండ్రి ఆ పార్కులో సాంకేతిక పని చేయువాడు. ప్రకాశము జిల్లావాడు, మన సంఘములోనే పెరిగి బాప్తిస్మము పొందినవాడు. ఆ ప్రాంతములో మన విశ్వాసపు కుటుంబములు ఏడెనిమిది ఉన్నవి. ఆదివారము ఒకరి ఇంట కూడుకొందురు. రెండు నెలలకొకసారి నేను వెళ్ళి ప్రభువు బల్ల ఇచ్చి వచ్చెదను.

నవంబరు మొదటి వారములో ఆ సహోదరుడు ఫోను చేసి, "అయ్యగారూ, పాపకు పన్నెండు నిండుతున్నాయి. శనివారము కేకు, ఆదివారము బాప్తిస్మము. మా నాన్న, అమ్మ, చెల్లెళ్ళు అందరూ వస్తున్నారు. ఒక్క ప్రయాణముతో రెండు కార్యములు అయిపోతాయి" అన్నాడు. నేను సరే అన్నాను. పాపను అడిగితిరా అని నేను అడుగలేదు. ఇది నా తప్పు, ముందే ఒప్పుకొనుచున్నాను.

గురువారము సాయంత్రమునకు నేను వారి ఇల్లు చేరితిని. అప్పటికే సగము వారము గడచినది. సోమ మంగళవారములు పాపకు బడిలో పరీక్షలు. మంగళవారము పరీక్ష కాగానే తల్లి ఆమెను హిందూపురము తీసికొని వెళ్ళి గౌను కొన్నది. అది బిగువైనదని మరునాడు దర్జీకి ఇచ్చారు. బుధవారము నిజమైన పుట్టినరోజు; ఆ ఉదయము బడిలో చాక్లెట్లు పంచవలెను. తండ్రికి రాత్రి షిఫ్టు గనుక తెల్లవారి వచ్చి, పాపకు ముద్దుపెట్టి, అరగంటలో నిద్రపోయినాడు. అదే రోజు రాత్రి ఒంగోలు నుండి తాతయ్య, నాయనమ్మ రైళ్ళు మారి హిందూపురములో దిగినారు. గురువారము మేనత్తలు, వారి పిల్లలు. రెండు గదుల ఇంటిలో పదునాలుగు మంది. ఆ తల్లి ఉదయము నాలుగు గంటలకు లేచి నీళ్ళ క్యానులు లెక్కపెట్టుకొనుట నేను చూచాను. శుక్రవారము షామియానా వాడు, వంటవాడు, మేళము వద్దని ఒకరు కావాలని ఒకరు. శనివారము పావగడకు బస్సులో చోటు దొరకదు. ఆ రోజు శనేశ్వరస్వామి గుడికి ఎక్కడెక్కడివారో వచ్చెదరు. అందువలన బిరియాని సామాను శుక్రవారమే తెచ్చుకొనవలెనని పెద్ద చర్చ.

ఇందులో ఎవరి తప్పును లేదు. అందరు ప్రేమతోనే పరుగెత్తుచున్నారు. మార్తను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము గాని, ఆ ఇంట మార్త లేకపోతే పదునాలుగు మందికి అన్నము ఎవరు వండుదురని ఒక్క ప్రసంగీకుడును చెప్పడు.

శుక్రవారము రాత్రి భోజనములయిన తరువాత మిద్దెమీద పిల్లలు కూర్చుండి, వచ్చినవారికి ఇచ్చు పెన్సిలు పెట్టెలు సంచులలో సర్దుచున్నారు. ఒక్కొక్కరుగా నిద్రకు దిగిపోయారు. పాప మిగిలినది, గాలికి కూర్చున్న నేను మిగిలితిని. నాయనమ్మ ఆమెకు క్రొత్త తెలుగు బైబిలు తెచ్చియున్నది. దానిలో మడిచిన కాగితము తీసి పాప నాకు చూపినది. బాప్తిస్మమునకు ముందు నేను అడుగు ప్రశ్నలు, ఆమె చెప్పవలసిన జవాబులు. మాటలు తెలుగు, అక్షరములు కన్నడము. బిడ్డకు తెలుగు చదువ రాదు గనుక తండ్రి చెప్పగా తాను కన్నడ లిపిలో వ్రాసికొన్నది.

"అయ్యగారూ, ఆదివారం మీరు అడుగుతారంట కదా. నేను అవును అనాలంట. నాకింకా తెలీదు అంటే ఏమవుతుంది?"

"ఏమి తెలియదు తల్లీ?"

"యేసయ్య అంటే నాకు ఇష్టమే. ప్రార్థన చేస్తా. కానీ ఇది నాన్న చెప్పింది రాసుకున్నా. నేను అనుకున్నది కాదు. నీళ్ళల్లో నిలబడి అవును అంటే దేవుడి దగ్గర అబద్ధం చెప్పినట్టు కాదా?"

నలుబది సంవత్సరముల సేవలో బాప్తిస్మమును గూర్చి ఇంత సూటియైన ప్రశ్నను నేను వినలేదు. "ఈ మాట అమ్మతో చెప్పావా?" అన్నాను.

"అమ్మకు పని. నాన్నకు షిఫ్టు. వారమంతా అందరూ నన్నే పిలుస్తున్నారు. గౌను వేసుకో, ఫోటోకు రా, అత్తకు వందనం చెప్పు. నాతో ఎవరూ మాట్లాడలేదు."

ప్రియులారా, ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. లూకా రెండవ అధ్యాయము తీసితిని. ఎన్నిసార్లు చదివిన భాగమో! యేసు ప్రభువునకు పన్నెండేండ్లు. తలిదండ్రులు వాడుక చొప్పున పస్కా పండుగకు యెరూషలేము వెళ్ళిరి. వారు భక్తిలేనివారు కారు. ఏటేట తప్పక వెళ్ళువారు. పండుగ దినములు తీరిన తరువాత తిరుగు ప్రయాణమైరి. ఒక దినపు ప్రయాణము సాగిపోయిరి. బిడ్డ తమ గుంపులోనే ఎక్కడనో ఉన్నాడని అనుకొనిరి. ఆ 'అనుకొనుట' అను మాట దగ్గర నేను ఆగిపోతిని. యోసేపు, మరియ అంతటి వారు బిడ్డను పారవేసికొనినది నిర్లక్ష్యము వలన కాదు, అడుగకయే అనుకొనుట వలన. తల్లి, తండ్రితో ఉన్నాడనుకొనియుండును. తండ్రి, తల్లితో ఉన్నాడనుకొనియుండును. ఇద్దరును బంధువులతో ఉన్నాడనుకొనిరి. చుట్టములు ఎక్కువగా ఉన్నచోటనే బిడ్డ కనబడకపోవుట సులభము.

సాయంత్రమునకు వెదకుట మొదలైనది. మొదట ఎక్కడ వెదకిరి? బంధువులలో, నెళవైనవారిలో. అక్కడ లేడు. తిరిగి యెరూషలేమునకు వెళ్ళవలసి వచ్చెను. మూడవ దినమున దేవాలయములో బోధకుల నడుమ కనుగొనిరి. ఆ బాలుడు అక్కడ ఏమి చేయుచుండెను? వినుచుండెను, అడుగుచుండెను. బోధకులు ఆయనచేత వల్లె వేయించలేదు. వ్రాసియిచ్చిన జవాబు ఆయన చెప్పలేదు. పన్నెండేండ్ల వయస్సు ప్రశ్నల వయస్సని లేఖనమే మనకు చూపుచున్నది. ఆయన మాట తలిదండ్రులకు ఆ దినమున బోధపడలేదని కూడ లూకా దాచక వ్రాసెను. అయినను ఆయన వారితో కూడ నజరేతునకు దిగివెళ్ళి వారికి లోబడి పెరిగెను.

ఇంకొక సంగతి. తాను ఎవని కుమారుడో పన్నెండేండ్లకే ఎరిగిన ఆ ప్రభువు, యొర్దానులో బాప్తిస్మము పొందునప్పటికి దాదాపు ముప్పదియేండ్లవాడని అదే లూకా తరువాతి అధ్యాయములో చెప్పుచున్నాడు. మధ్య పదునెనిమిది సంవత్సరములు. మరియ ఆ సంగతులన్నిటిని హృదయములో ఉంచుకొనినది గాని, ఊరివారిని పిలిచి తేదీ పెట్టలేదు.

దీనినిబట్టి పిల్లలకు బాప్తిస్మము ఇయ్యరాదని నేను చెప్పుట లేదు, తప్పుగా తలంచవద్దు. ఇంగ్లాండు దేశపు స్పర్జన్ గారు 1850లో బాప్తిస్మము పొందునప్పటికి పదునైదేండ్లవాడు. తొమ్మిదేండ్లకే ఏడ్చి అడిగి తీసికొని, తొంబదియేండ్ల వరకు నిలిచిన తల్లులను నేనెరుగుదును. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రియే పొందెను. ఐతియొపీయుడు త్రోవలో నీళ్ళు చూచి, నాకేమి ఆటంకమని తానే అడిగెను. తానే అడిగెను! రథము తోలువాడు అతని తరపున అడుగలేదు. వయస్సు చిన్నదా పెద్దదా అన్నది మన ప్రశ్న కాదు. నోరు ఎవరిది అన్నదే ప్రశ్న.

శనివారము తెల్లవారి, షిఫ్టు దిగి వచ్చిన తండ్రిని వేపచెట్టు క్రిందికి పిలిచి సంగతి చెప్పాను. అతని ముఖము మారిపోయినది.

"చిన్నపిల్ల మాట అయ్యగారూ. నీళ్ళంటే భయము. ఒకసారి అయిపోతే అన్నీ సర్దుకుంటాయి. మా నాన్నకు ఎనభై దగ్గర పడ్డాయి. మనవరాలి బాప్తిస్మము చూడాలని రెండు రాత్రులు నిద్ర లేకుండా వచ్చారు. వచ్చే యేడు ఆయన ఉంటారో లేదో మీరు చెప్పగలరా?"

నేను చెప్పలేనన్నాను. కొంచెము సేపు నేల చూచి, అసలు మాట అప్పుడు చెప్పినాడు.

"ఇక్కడ మనకు గుడి లేదు, సండే స్కూలు లేదు. పాపకు తెలుగు చదవడము రాదు. ఇంకో నాలుగేండ్లకు కాలేజీ అంటుంది, ఏ ఊరు పోతుందో. ఇప్పుడు మన చేతిలో ఉన్నప్పుడే ఇచ్చేస్తే, అదొక్కటైనా ఉంటుంది కదా."

సహోదరులారా, ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయినది. వలస వచ్చిన ప్రతి తండ్రి కడుపులో ఉన్న భయము అదే. నా పిల్లల విషయములో నేనును ఆ భయముతోనే తొందరపడ్డాను; వారిలో ఒకడు తరువాత నన్ను, "నాన్నా, అది మీ బాప్తిస్మము, నాది కాదు" అని అడిగిన దినమున నేను తల ఎత్తలేకపోయాను. ఆ సంగతియే అతనికి చెప్పాను. చేతిలో నుండి జారిపోవునను భయముతో ఇచ్చినది బిడ్డను పట్టి ఉంచదు. బిడ్డ తనంతట తాను విశ్వసించి చెప్పినదే బాప్తిస్మమని గదా మన పెద్దలు బాప్తిస్టులనబడుటకు ఒప్పుకొనినది. ఆ ఒక్క మాటను చుట్టముల సౌకర్యము కొరకు విడిచిపెట్టితే, మన సంఘముల బోర్డులమీద ఆ పేరు ఎందుకు?

నేను కొంచెము గట్టిగానే మాట్లాడియుందును. అరుగుమీద మంచములో పడుకొన్న తాతయ్యగారు అన్నియు విన్నారు. ఆయన లేచి కూర్చుండి, కొడుకుతో, "ఒరే, మన తాతమ్మవాళ్ళను క్లౌ దొరగారు ఎన్నాళ్ళు ఆపారో నీకు చెప్పలేదా?" అన్నారు.

చదువరులలో చిన్నవారికొరకు ఆ చరిత్ర కొంచెము వ్రాసెదను. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమున గొప్ప కరవు. ఈ పావగడ ఉన్న మైసూరు సీమ కూడ దానిలో నలిగిపోయినది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ గారు ఆకలిగొన్నవారికి పని చూపుటకు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కంట్రాక్టుకు తీసికొన్నారు. వేలమంది అక్కడ మట్టి మోసారు. బోధకులు వారి నడుమ తిరిగి సువార్త చెప్పారు. బాప్తిస్మము కావలెనని గుంపులు గుంపులుగా అడిగారు. ఆయన ఇయ్యలేదు. కూలి, గింజలు తన చేతిమీదుగా పోవుచున్నంత కాలము, ఏడాదికి పైగా, ఎవరికిని ఇయ్యలేదు. అన్నము కొరకు ఒక్కడును అవునని చెప్పరాదని ఆయన పట్టుదల. సహాయపు పని ఆగిన తరువాత కూడ జనము వచ్చి అడిగినప్పుడే నీళ్ళలోనికి దింపారు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతున, ఒక్కొక్కరికి విడివిడిగా ఇచ్చారు. ఆ లెక్కను మనము వార్షికోత్సవములలో గర్వముతో చెప్పుకొందుము. దానికి ముందు ఆపిన కాలమును ఎవరును చెప్పరు.

ఆ తాతమ్మ మూడుసార్లు అడిగి మూడుసార్లు తిరిగి వచ్చిందని వారి ఇంట చెప్పుకొందురట. "మనవరాలు అడగనే లేదు. మనము అడుగుతున్నాము" అన్నారు తాతయ్యగారు. తరువాత కళ్ళజోడు తీసి చాలసేపు తుడుచుకొన్నారు. చూడవలెనని వచ్చినది చూడకుండ తిరిగి వెళ్ళవలెనని ఆయనకు తెలియును గదా. ఆ మాట ఆయనకు సులభముగా రాలేదు.

శనివారము సాయంత్రము కేకు కోయుటకు ముందు పది నిమిషములు వాక్యము చెప్పుమన్నారు. ఫోటోగ్రాఫరు గడియారము చూచుకొనుచున్నాడు. నేను మార్కు సువార్తలో ప్రక్కప్రక్కన ఉన్న ఇద్దరు అమ్మాయిలను గూర్చి చెప్పాను. బైబిలులో పుట్టినరోజు పండుగలని స్పష్టముగా పేరు పెట్టి చెప్పబడినవి రెండు, ఫరోది, హేరోదుది. రెండింటిలోను విందు ఉన్నది, రెండింటిలోను ఒకని ప్రాణము పోయినది. హేరోదు విందులో ఒక చిన్నది నాట్యమాడినది. ఏది కావలెనో కోరుకొమ్మని రాజు అన్నప్పుడు, ఆమె తన మనస్సును అడుగలేదు, బయటికి వెళ్ళి తల్లిని అడిగినది. తల్లి కోరిక ఆమె నోట వచ్చినది. యోహాను తల పళ్ళెములో వచ్చినది. పెద్దల మాటను పిల్ల నోట పెట్టుట ఎంత వరకు పోవునో అక్కడ చూడవచ్చును.

దానికి ముందటి అధ్యాయములో ఇంకొక చిన్నది. యాయీరు కుమార్తె, ఆమెకు పన్నెండేండ్లు. గ్రీకు మూలములో ఈ ఇద్దరికిని ఒకే మాట, కొరాసియోన్. ఆ ఇల్లును జనముతో నిండియున్నది, అల్లరిగా ఉన్నది. ప్రభువు మొదట చేసిన పని ఏమి? అల్లరి చేయువారినందరిని బయటికి పంపుట. తల్లిని, తండ్రిని, ముగ్గురు శిష్యులను మాత్రము వెంటబెట్టుకొని లోపలికి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకొని, ఆమెతో మాట్లాడెను. ఆమెను గూర్చి కాదు, ఆమెతో. ఆమె లేచిన తరువాత, ఈ అద్భుతమును ఊరంతా చాటుడని చెప్పలేదు. పిల్లకు తినుటకు ఏమైన పెట్టుమన్నాడు. ఇంతటి కార్యము జరిగిన ఇంట ఆ బిడ్డ ఆకలి జ్ఞాపకమున్నది ఆయన ఒక్కనికే.

పది నిమిషములు పదునెనిమిది అయినవి. కేకు కోసారు. బిరియాని మంచిగా కుదిరినది, నేను రెండుసార్లు పెట్టించుకొన్నాను. ప్రక్క ఇంటిలో, పార్కులో పలకలు కడుగు కూలి పనికి పోవు తల్లి బిడ్డ ఒకతె పాపకు స్నేహితురాలు. ఆమెను పిలువలేదని చివరి నిమిషమున తెలిసి, పాప తల్లియే వెళ్ళి చెయ్యి పట్టుకొని తెచ్చినది.

ఆదివారము ఉదయము ఇంకొక చిక్కు. బాప్తిస్మము కొరకు స్నేహితుని తోటలోని సిమెంటు తొట్టి నింపుటకు తండ్రి అయిదు వేల లీటర్ల టాంకరు ముందే మాట్లాడియుండెను. ఆ తాలూకాలో ప్రవహించు నది లేకపోలేదు. నంది కొండలలో పుట్టిన ఉత్తర పినాకిని, అనగా మన పెన్నా, హిందూపురము ప్రక్కగా వచ్చి నాగలమడిక మీదుగా పోయి, చివరికి నెల్లూరు చేరును. 1840లో డే దొరగారు వచ్చి మన సంఘములకు పునాది వేసిన నెల్లూరే. అయితే నాగలమడిక దగ్గర ఆ నదిలో సంవత్సరములో ఎక్కువ భాగము ఇసుకయే. అందువలన టాంకరు. అది వచ్చి ఇంటిముందు ఆగినది. డబ్బు ఇచ్చినది తిరిగి రాదు. తండ్రి ఒక్క క్షణము నిలుచుండి, గొట్టము విప్పి, వీధిలోనివారిని బిందెలు తెచ్చుకొమ్మన్నాడు. వీధి కొళాయికి నీళ్ళు వచ్చి మూడు రోజులైనదట. త్రాగుటకు కాకపోయినను వాడుకకు పనికివచ్చునని ఇరువది ఇండ్లవారు వరుస కట్టారు. అతడు గొట్టము పట్టుకొని టాంకరు ఖాళీ అగువరకు నిలుచున్నాడు. ఆ సేపంతయు ఎవరితోను మాట్లాడలేదు. నాతో అసలే మాట్లాడలేదు.

తరువాత ఆరాధన. ప్రభువు బల్ల పుచ్చుకొన్నాము. పాప బల్లకు రాలేదు, ఎవరును రమ్మనలేదు. ఆమె తన పన్నెండు నాణెములు తెచ్చి కానుక పళ్ళెములో ఒక్కొక్కటిగా వేసినది. తాతయ్యగారు తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. మేనత్తలలో ఒకామె మాత్రము, ఇంత దూరము వచ్చి ఏమి చూచినట్లు అని నాకు వినబడునట్లు అన్నది. ఆమెకు కోపము వచ్చుటలో న్యాయమున్నది. నేను ఫోనులోనే పాపను గూర్చి అడిగియుంటే ఆమె సెలవు పెట్టి వచ్చియుండదు.

సంఘ పెద్దలకు ఒక్క విన్నపము. మన కూటములలో ఏ బిడ్డకైనను బాప్తిస్మపు తేదీ పెట్టకముందు, తలిదండ్రులు ప్రక్కన లేకుండ, తొందర లేని ఒక సాయంత్రమున, ఆ బిడ్డతో ఒక పెద్ద, ఒక తల్లి కూర్చుండి మాట్లాడుడి. అడుగుటకంటె వినుట ఎక్కువగా ఉండనియ్యుడి. పిల్ల ఇంకా తెలియదంటే, ఆ మాటను అవిశ్వాసముగా వ్రాసికొనవద్దు.

సోమవారము చుట్టములు వెళ్ళిపోయారు. తాతయ్యగారు, నాయనమ్మ మాత్రము టిక్కెట్టు మార్చుకొని నిలిచిపోయారు. బాప్తిస్మము చూడలేకపోయితిని, అక్షరములైన చెప్పి పోదునని ఆయన అన్నారట. కన్నడ లిపి వచ్చినవానికి తెలుగు లిపి ఎంత దూరము? తలకట్టు కొంచెము వంచవలెను, కొన్ని అక్షరములు క్రొత్తగా నేర్వవలెను, అంతే. మూడు వారములలో పాప కూడబలుకుకొని చదువుటకు వచ్చినది.

మొన్న ఆ తండ్రియే నాకు ఫోను చేసాడు. పొడిగానే మాట్లాడి, పాపకు ఇచ్చాడు. ఆమె నాయనమ్మ ఇచ్చిన బైబిలు తీసి, లూకా రెండవ అధ్యాయము చివరి భాగము నాకు చదివి వినిపించినది. చాలసేపు పట్టినది. నలుబది ఆరవ వచనములో 'ప్రశ్నలు' అను మాట దగ్గర ఆగి, రెండవసారి చదివి, "అయ్యగారూ, ఆయన కూడా అడిగాడే!" అన్నది. బాప్తిస్మము మాట ఆమె ఎత్తలేదు. నేనును ఎత్తలేదు.